గొంతులో ఏమీ లేకుండా

పరీక్ష చదివి వినిపించేవాళ్ళ గొంతులో ఏమీ ఉండకూడదు. మా స్కూల్లో రాష్ట్ర పరీక్షల పని చూసే రోక్సాన్ ఏటా మార్చిలో మమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టి ఈ మాట చెప్పేది. అక్షరాలు కళ్ళముందు నిలవని పిల్లలు కొందరుంటారు. వాళ్ళకి తెలివి తక్కువేం కాదు, చదవడం దగ్గరే ఆగిపోతారు. అలాంటివాళ్ళకి సైన్సు పరీక్షను ఒక టీచరు పక్కన కూర్చుని చదివి వినిపించవచ్చు. వినిపించడం వరకే.

“ఏ మాటనీ ఒత్తి పలకకూడదు,” అంది రోక్సాన్ ఆ ఏడాది. “నాలుగు జవాబులూ ఒకే గొంతుతో చదవాలి. తల ఊపకూడదు. కనుబొమలు ఎత్తకూడదు. పిల్లలు ఏది పెడుతున్నారో చూడకూడదు. మళ్ళీ చదవమంటే చదవాలి, ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు. వాళ్ళు అడక్కుండా మాత్రం చదవకూడదు.”

“మనం తప్పు చదివితే?” అని అడిగాడు కోచ్ బ్రానిగన్. అతను వ్యాయామం టీచరు. అడగకపోతే నిద్రొస్తుందని ఏటా ఏదో ఒకటి అడిగేవాడు.

“తప్పు చదివామని తెలిస్తే, ‘ఈ ప్రశ్న మళ్ళీ చదువుతున్నాను’ అని చెప్పి మొదటినుంచి చివరిదాకా మొత్తం చదవాలి. తప్పిన ముక్క ఒక్కటే దిద్దకూడదు. అలా దిద్దితే అదేదో ముఖ్యమైన ముక్క అని పిల్లలు పట్టేస్తారు.”

“మరి తుమ్మొస్తే?”

“సరైన జవాబు దగ్గర తుమ్మకు, చాలు.”

అందరూ నవ్వారు. రోక్సాన్ నవ్వుతూనే నావైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. నవంబరు నుంచి అందరూ నన్ను అలాగే చూస్తున్నారు. గొంతులో ఏమీ లేకుండా మాట్లాడడం ఆ ఏడాది నేను కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాదు.

ఆ పరీక్షను మా రాష్ట్రం ఎత్తేసి చాలా కాలమైంది. అందులో ఏముందో బయట చెప్పనని నేను పెట్టిన సంతకానికి ఇప్పుడు గడువు తీరింది. అందుకే రాస్తున్నాను.

నా భర్త ఎల్డన్ హోల్మ్ అదే స్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాడు. నేను ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా గదులు ఎదురెదురుగా ఉండేవి. నవంబరులో, జింకల వేట మొదలైన వారంలో, ఇంటిముందు రాలిన ఆకులు ఊడుస్తూ ఊడుస్తూ మెట్టుమీద కూర్చున్నాడు. నేను వంటింటి కిటికీలోంచి చూసి, అలిసిపోయి కూర్చున్నాడనుకున్నాను. కాఫీ కలుపుకుని బయటికి తీసుకెళ్ళాను.

అతను పోయాక ఊళ్ళోవాళ్ళు వండి తెచ్చిన గిన్నెలు, అడుగున పేర్లు రాసి అంటించినవి, మార్చిదాకా మా ఇంట్లోనే ఉండిపోయాయి. తిరిగి ఇవ్వాలని తెలుసు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి అదే పరామర్శ వినే ఓపిక లేక ఊరుకున్నాను.

ఎల్డన్ గదిలోకి ఒక కొత్త టీచరు వచ్చాడు. చిన్నవాడు, మంచివాడు. పరీక్షల ముందు మేమంతా గదుల గోడలకున్న పటాలూ బొమ్మలూ సూత్రాలూ పిల్లలకి కనబడకుండా గోధుమరంగు కాగితం అంటించి కప్పేస్తాం. ఆ కుర్రాడు కాగితం చుట్ట చంకన పెట్టుకుని నా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“గోడమీద హోల్మ్ గారి చేతిరాత చాలా చోట్ల ఉందండీ. కప్పేలోపు ఒకసారి వచ్చి చూసుకుంటారా?”

“వద్దు. కప్పెయ్యి,” అన్నాను.

అతను వెళ్ళాక ఎదురుగదిలోంచి టేపు చింపుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది. నేను తలుపు వేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే డార్సీ కివెలా వచ్చింది. ఆ పిల్లది ఆఖరి సంవత్సరం. సైన్సు పరీక్ష అప్పటికి రెండుసార్లు తప్పింది. మొదటిసారి కొద్దిలో పోయింది. తర్వాత సెప్టెంబరు నుంచీ ప్రతి గురువారం స్కూలు వదిలాక ఎల్డన్ ఆ పిల్లని కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పాడు. రెండో పరీక్ష నవంబరు ఆఖర్లో వచ్చింది. అప్పటికి ఎల్డన్ లేడు. ఆ పిల్ల ఆ పరీక్షకి ఎలా కూర్చుందో, ఏం రాసిందో నాకు తెలియదు. ఇది మూడోసారి. ఇందులో తప్పితే జూన్‌లో స్కూలు ముగించినట్టు ఇచ్చే డిప్లొమా రాదు. డిప్లొమా లేకపోతే కౌంటీ కాలేజీలో నర్సింగు కోర్సుకి ఇస్తామన్న సీటు ఇంకెవరికో పోతుంది. డార్సీ సాయంత్రాలు వృద్ధాశ్రమంలో దుప్పట్లు ఉతికే పని చేసేది. ఎప్పుడూ సబ్బు వాసన వేసేది.

“మేడమ్, నా పరీక్ష మీరే చదవాలి. రోక్సాన్ గారికి చెప్పేశాను.”

“నన్నడక్కుండానే?”

“అడిగితే ఆలోచించి చెప్తానంటారు. ఆలోచించాక వద్దంటారు.”

“పోయినసారి చదివినాయనకేమైంది?”

“ఆయన ప్రతి జవాబు చివరా గొంతు లేపుతాడు మేడమ్. ‘రక్తం గుండెలోంచి వెళ్తుందీ?’ అని. ఆయనకే నమ్మకం లేనట్టు. నాలుగూ తప్పే అనిపించేవి నాకు.”

నవ్వొచ్చింది. అది నాకే వింతగా అనిపించింది.

“నేను సాయం చెయ్యను, డార్సీ. ముందే చెప్తున్నాను. గోడ చదివినట్టు చదువుతాను.”

“గోడలు చదవవు కదా మేడమ్.”

“నేర్చుకుంటాను.”

“మీవల్ల కాదు. మీకేది నచ్చిందో, ఏది నచ్చలేదో మాకు ఇట్టే తెలిసిపోతుంది. పోయినేడు ఆ లావుపాటి పుస్తకం మీకు నచ్చలేదు.”

“అదంటే నాకు ప్రాణం.”

“అబద్ధం. గబగబా చదివేశారు. ఇష్టమైన చోటు వస్తే మీరు మెల్లగా అయిపోతారు. క్లాసులో అందరికీ తెలుసు. అక్కడే కదా గుర్తు పెట్టుకునేవాళ్ళం, పరీక్షలో ఇస్తారని.”

ఇన్నేళ్ళూ నాకెవరూ ఆ మాట చెప్పలేదు. డార్సీ సంచీ భుజానికి తగిలించుకుని తలుపు దాకా వెళ్ళి ఆగింది.

“హోల్మ్ సార్ ఉంటే నాకింత భయం ఉండేది కాదు మేడమ్.”

“తెలుసు,” అన్నాను. ఇంకేదైనా అని ఉండాల్సింది. ఆ పిల్ల వెళ్ళిపోయింది.

ఎల్డన్ గురించి ఒక సంగతి చెప్పాలి. ఏటా జులైలో అతను రాజధానికి వెళ్ళి నాలుగైదు రోజులు ఒక హోటల్లో ఉండేవాడు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన సైన్సు టీచర్లు అక్కడ కూర్చుని ఈ పరీక్షకి ప్రశ్నలు రాసేవాళ్ళు. ఏం రాశారో ఎవరికీ చెప్పకూడదు. ఎల్డన్ నాకు కూడా చెప్పలేదు. తిరిగొచ్చాక, హోటల్లో గుడ్లు చల్లారిపోయి ఉండేవనీ, పక్కగదిలో భౌతికశాస్త్రం టీచరు రాత్రంతా గురకపెట్టాడనీ చెప్పేవాడు. అంతే.

“అణుబాంబు రహస్యాలా ఏమిటి?” అని ఏడిపించేదాన్ని.

“అణుబాంబు సంగతులు పుస్తకాల్లో దొరుకుతాయి టీచరమ్మా. ఇవి దొరకవు.”

ప్రశ్నలు చెప్పకపోయినా ప్రశ్న ఎలా తయారవుతుందో మాత్రం చెప్పేవాడు. సరైన జవాబు రాయడం సులువట. కష్టమంతా తప్పు జవాబులదే. నోటికొచ్చినవి మూడు రాస్తే కుదరదు. ప్రతి తప్పూ ఎవరో ఒకరు నిజమని నమ్మిన తప్పై ఉండాలి. అలాంటిదాన్ని ‘మంచి తప్పు’ అనేవాడు. ఏడాది పొడుగునా క్లాసులో, కిరాణా కొట్లో, చర్చి మెట్ల మీద, ఎక్కడ ఎవరు తప్పు మాట్లాడినా జాగ్రత్తగా వినేవాడు. వాదించేవాడు కాదు. “అలా అని ఎందుకనుకున్నావు?” అని అడిగేవాడు, అంతే. మనుషులు తామేదో గొప్ప మాట అన్నామనుకుని ఉత్సాహంగా చెప్పేవాళ్ళు. రాసిన ప్రశ్న పిల్లల ముందుకు రావడానికి ఏళ్ళు పట్టేది. కమిటీలు దాన్ని కోసి, పేర్లు తీసేసి, మాటలు మార్చేవి. కొన్ని ప్రశ్నలు ఎప్పటికీ వచ్చేవి కావు. ఎల్డన్ రాసినవాటిలో ఎన్ని వచ్చాయో అతనికీ తెలియదనుకుంటాను.

పరీక్ష రోజు వాన, మంచు కలిసి పడ్డాయి. పిల్లలందరూ పెద్ద హాల్లో రాస్తుంటే మాకు నర్సుగది పక్కనున్న చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, మూడు కుర్చీలు. గోడలకి కాగితం. డార్సీ ముందొక ప్రశ్నపత్రం, నా చేతిలో ఒకటి. చదివి వినిపించే చోట ఇంకో పెద్దమనిషి సాక్షిగా ఉండాలి. కోచ్ బ్రానిగన్ వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. సాక్షిగా ఉన్నవాళ్ళు పుస్తకం పట్టకూడదు, పేపర్లు దిద్దకూడదు, గళ్ళనుడికట్టు కూడా పూరించకూడదు.

“పొద్దున్నంతా గోడకేసి చూస్తూ కూర్చోవాలి,” అన్నాడు అతను. “నాకిబ్బంది లేదు. ముగ్గురు కూతుళ్ళ డాన్సు ప్రోగ్రాములకి వెళ్ళొచ్చినవాణ్ణి. ఏం కివెలా, బాగా తిన్నావా?”

“వాంతయ్యేట్టుంది కోచ్.”

“నర్సు పక్కగదిలోనే ఉంది. అన్నీ చూసుకునే ఇచ్చారు ఈ గది.”

డార్సీ నవ్వింది. నేను చదవాల్సిన మొదటి పేజీ మొదలుపెట్టాను. ఏ మాట దగ్గర ఆగాలో కూడా రాసి ఉంటుంది అందులో. గొంతు బాగానే ఉంది. కణాలు, గింజలు, తల్లిదండ్రుల నుంచి పిల్లలకొచ్చే కంటిరంగు. ప్రశ్న, నాలుగు జవాబులు, ఆగడం. డార్సీ కొన్ని వెంటనే పెట్టేసేది. కొన్నిటికి కళ్ళు మూసుకుని, “మళ్ళీ,” అనేది. నేను మళ్ళీ చదివేదాన్ని. ఆ పిల్ల పెన్సిలు కేసి చూడకుండా నా కాగితం అంచుకేసి చూసేదాన్ని. గంట గడిచేసరికి నేను నిజంగానే గోడనైపోయాను. అందులో ఒక హాయి కూడా ఉంది.

పేజీ తిప్పాను.

“చలికాలంలో ఒక సరస్సు పైభాగం గడ్డకట్టింది. అడుగున నీరు గడ్డకట్టలేదు. అక్కడ చేపలు చలికాలమంతా బతికి ఉన్నాయి. దీనికి సరైన వివరణ ఏది?

ఎ. సూర్యకాంతి మంచుగడ్డ గుండా వెళ్ళి అడుగున ఉన్న నీటిని వేడి చేస్తుంది.

బి. అడుగున ఉన్న నీటిలో ఉప్పు ఎక్కువగా ఉండడం వల్ల అది గడ్డకట్టదు.

సి. చేపలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండడం వల్ల వాటి ఒంటి వేడికి చుట్టూ ఉన్న నీరు గడ్డకట్టదు.”

ఆ మాట నాది.

చాలా ఏళ్ళ కిందట, ఒక ఫిబ్రవరిలో, ఊరవతల సరస్సు మీద. మంచుగడ్డకి కంత చేసి, దానిపైన చిన్న చెక్క గది పెట్టుకుని ఎల్డన్ గాలం వేసుకుని కూర్చున్నాడు. నేను చేతి తొడుగులతోనే పిల్లల వ్యాసాలు దిద్దుతున్నాను. ఆ కంతలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఈ చలిలో చేపలు కింద ఎలా ఉంటాయి అని అడిగాను. ఎల్డన్ చెప్పలేదు. నువ్వేమనుకుంటున్నావన్నాడు.

“ఒకదాన్నొకటి ఆనుకుని పడుకుంటాయేమో. ఆ వేడికి నీళ్ళు గడ్డకట్టవేమో,” అన్నాను.

“అలా అని ఎందుకనుకున్నావు?”

“మనమైతే అదే చేస్తాం కదా.”

అతను గాలం పక్కన పెట్టేసి నావైపు చూశాడు. “తప్పా?” అన్నాను. “తప్పే. కానీ చాలా మంచి తప్పు,” అన్నాడు. అప్పుడే గాలం తాడు బిగిసింది, అటు తిరిగాడు. ఆ రోజు దొరికిన చేప చిన్నదని మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. సరైన జవాబేమిటో నాకు ఆ రోజూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. నేనూ అడగలేదు.

నేను ఆగలేదు. ఆగకూడదు. డి చదివాను. నాలుగు డిగ్రీల దగ్గర నీరు అన్నిటికన్నా బరువుగా ఉండి అడుగుకు చేరుతుందనీ, తేలే మంచుగడ్డ దానిపైన కప్పులా ఉండి చలిని ఆపుతుందనీ అందులో ఉంది. చదవడం పూర్తయింది. కోచ్ గోడకేసి చూస్తున్నాడు. కిటికీ మీద వాన పడుతోంది.

ఎన్ని కమిటీలు దాటిందో ఆ వాక్యం. ‘పడుకుంటాయేమో’ పోయింది. ‘మనమైతే’ పోయింది. ‘ఆనుకుని’ మిగిలింది. అది తీసెయ్యకుండా ఎల్డన్ ఎవరితోనో వాదించి ఉండాలి. ఆ హోటల్లో, ఒక బల్ల దగ్గర, ఎవరో సైన్సు టీచరుతో, ఆ ఒక్క మాట కోసం. ఇంటికొచ్చి చల్లారిన గుడ్ల గురించి చెప్పాడు.

“మళ్ళీ,” అంది డార్సీ.

చదివాను. సి దగ్గరికి వచ్చేసరికి అది వస్తోందని ముందే తెలుసు. చదివాను.

డార్సీ కళ్ళు మూసుకునే ఉంది. “సి ఒక్కటే ఇంకోసారి, మేడమ్.”

సి చదివాను. చదువుతుంటే డార్సీకీ నాకూ మధ్య ఆ చిన్న చెక్క గది మళ్ళీ నిలబడినట్టనిపించింది. డార్సీ ఇంకోసారి అడగాలని కోరుకున్నాను. జీవితంలో దేన్నీ అంత గట్టిగా కోరుకున్నట్టు గుర్తులేదు. ఆ పిల్ల అడుగుతూ ఉంటే సాయంత్రందాకా ఆ వాక్యం చదువుతూ కూర్చోగలను. నియమానికి విరుద్ధం కూడా కాదు.

డార్సీ కళ్ళు తెరిచింది. ప్రశ్న కేసి చూడలేదు. నాకేసి చూసింది. క్లాసులో పిల్లలు నన్ను అలా చూడడం ఎన్నోసార్లు చూశాను, దాని అర్థం ఆ రోజే తెలిసింది. గుర్తు పెట్టుకోవాల్సిన చోటు దొరికిన చూపు అది. ఆ తర్వాత తల వంచి పెన్సిలు తీసుకుంది.

అప్పుడు నా చెవికి నా గొంతు వినబడింది. సి దగ్గర నేను మెల్లగా చదివాను. మూడుసార్లూ.

ఒక్క ప్రశ్నే. అదొక్కటి పోతే ఏమవుతుందని ఎవరైనా అనొచ్చు. మొదటిసారి కొద్దిలో తప్పిన పిల్ల. నేను ఇష్టంగా చదివినదే సరైన జవాబని నమ్మి పెట్టబోతోంది. ఆ పిల్లని మళ్ళీ దుప్పట్ల దగ్గరికి పంపడానికి ఒక్క ప్రశ్న చాలు. అది నా భర్త రాసినది కావచ్చు, తప్పు నాది కావచ్చు. డార్సీకి దాంతో సంబంధం లేదు.

“ఈ ప్రశ్న మళ్ళీ చదువుతున్నాను,” అన్నాను.

పెన్సిలు ఆగింది. మూలనుంచి కోచ్ తల తిప్పి చూశాడు.

మొదటినుంచి చదివాను. సరస్సు. పైభాగం. అడుగు. చేపలు. ఎ, బి ఎలా చదివానో సి అలాగే చదివాను. ఆ వాక్యంలో ఉన్నవాళ్ళందరినీ బయటికి పంపేసి, తలుపు మూసి చదివాను. ‘ఆనుకుని’ అన్న మాట ‘ఉప్పు’ అన్న మాటలాగే నోట్లోంచి వెళ్ళిపోయింది. తర్వాత డి. నాలుగూ ఒకే గొంతు, రోక్సాన్ చెప్పినట్టు. చదివినంతసేపూ డార్సీ నన్నే చూస్తోందని తెలుసు. నేను కాగితం అంచు మీదినుంచి చూపు ఎత్తలేదు.

ఇంకోసారి అడుగుతుందేమోనని ఎదురుచూశాను. అడగకూడదని కూడా అనుకున్నాను.

పెన్సిలు గీసిన చప్పుడైంది. ఏది పెట్టిందో నేను చూడలేదు.

“తర్వాతది, మేడమ్.”

తర్వాతది చదివాను. అది వానపాముల గురించి.

పరీక్ష అయ్యాక కాగితాలన్నీ కవరులో పెట్టి, మూసి, కోచ్, నేను ఇద్దరం సంతకాలు పెట్టాలి. ఏదైనా ప్రశ్న మళ్ళీ చదివితే కారణం రాయాలి. కోచ్ పెన్ను పట్టుకుని ఆగాడు.

“నువ్వు తప్పేం చదివావు, ఆర్డిస్? నాకేం వినబడలేదే.”

“చదివే తీరు తప్పింది. అది రాయి.”

“నిద్రపోతున్నాననుకున్నావా? ఒక్క మాట పొల్లుపోలేదు.”

“మాట కాదు. తీరు.”

అతను నా మొహం చూసి అలాగే రాశాడు. కవరు రోక్సాన్ చేతికి వెళ్ళింది. ఆమె దాన్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసింది. మర్నాడు ఒక వ్యాన్ వచ్చి తీసుకెళ్ళింది. ఆ కాగితం మీద ఎల్డన్ పేరు లేదు. నేను దాన్ని ఇంకోసారి చూస్తానంటే ఒప్పుకునేవాళ్ళు లేరు, అడిగే హక్కూ లేదు. ఎల్డన్ రాసుకున్నవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కిరాణా చీటీలు, విత్తనాల పొట్లాల మీద తేదీలు, నా పుట్టినరోజు కార్డులు. వాటిలో ఏదీ నాకు అక్కర్లేదనిపించింది. నాకు ఆ వాక్యం కావాలి. అదేమో నా నోటితోనే నాలుగుసార్లు చదివి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మంచం మీద నావైపే పడుకున్నాను. రెండోవైపు దుప్పటి మడత కూడా చెదరలేదు, నవంబరు నుంచీ నేను అటు జరగలేదు. చేపలు నిజంగా ఎలా ఉంటాయో డి చదివాక ఇప్పుడు నాకు తెలుసు. అడుగున, విడివిడిగా, దాదాపు కదలకుండా ఉంటాయి. ఒంట్లో సొంత వేడి లేనివి ఒకదానికొకటి ఏం ఇవ్వగలవు. ఎల్డన్ ఆ రోజు అది చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

ఫలితాలు జూన్ మొదట్లో వచ్చాయి. సరస్సులో మంచు కరిగిపోయి, పడవలు దింపుతున్న రోజులు. డార్సీ నా గదికి పరిగెత్తుకుంటూ వచ్చి, గుమ్మం దగ్గర ఆగి, మామూలుగా నడిచి లోపలికి వచ్చింది.

“పాసయ్యాను మేడమ్.”

“తెలుసు. రోక్సాన్ చెప్పింది.”

“ఎవరికీ చెప్పొద్దన్నాను ఆవిడకి.”

“ఆవిడ నాకొక్కదానికే చెప్పింది. ఇంకో ఇరవైమందికి కూడా ఒక్కొక్కరికే చెప్పి ఉంటుంది.”

డార్సీ నవ్వింది. కాలేజీ సంగతులు చెప్పింది. తెల్లబూట్లు కొనుక్కోవాలట. బస్సు ఎన్నింటికో కనుక్కోవాలట. వృద్ధాశ్రమంలో ఒక ముసలాయన, డార్సీ ఇచ్చే మొదటి ఇంజెక్షను తనకే ఇమ్మన్నాడట, “చచ్చేలోపు వస్తే” అని. ఆ పిల్ల మాట్లాడుతుంటే విన్నాను. ఎన్ని మార్కుల తేడాతో గట్టెక్కిందో అడగలేదు. బొటాబొటీగానేనని రోక్సాన్ అప్పటికే చెప్పింది.

వెళ్ళబోతూ డార్సీ బల్ల మూల పట్టుకుని నిలబడింది.

“మేడమ్, ఆ చేపల ప్రశ్న.”

“పరీక్ష గురించి మాట్లాడకూడదు డార్సీ. సంతకం పెట్టావు.”

“మాట్లాడట్లేదు. నేను సి పెట్టబోయాను, అంతే చెప్తున్నా. మీరు మళ్ళీ చదివాక పెట్టలేదు.”

నేను ఆపి ఉండాల్సింది. ఆపలేదు.

“మొదట మీరు చదివింది వింటుంటే సార్ గది గుర్తొచ్చింది. ఎందుకో తెలీదు. ఆయనా అలాగే, మనం తప్పు చెప్తే కూడా మెచ్చుకున్నట్టు వినేవారు కదా.” గొంతు సవరించుకుంది. “అది తప్పని నాకు లోపల తెలుస్తూనే ఉంది మేడమ్. చేపలకి ఒంట్లో వేడి ఉండదు, ఆయనే చెప్పారు. అయినా పెట్టాలనిపించింది. అదే నిజమైతే బాగుండుననిపించింది.”

కిటికీ బయట పిల్లలు లాకర్లు ఖాళీ చేసి, సంవత్సరం పొడుగునా పోగేసిన చెత్తంతా సంచుల్లో ఈడ్చుకుపోతున్నారు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

“అవును,” అన్నాను. “బాగుండేది.”